ఆరు రోజులు, ఐదు మ్యాచ్‌లు: 1899 నాటి సెవానీ టీమ్

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉండేవాళ్లకి శనివారం వస్తే కాలేజీ ఫుట్‌బాల్ (చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) గోల తప్పదు, పిల్లలు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాక మన తెలుగు ఇళ్లలోనూ ఆ టీమ్ నారింజ చొక్కాలు కనిపిస్తున్నాయి. అదే ఆస్టిన్‌కి 1899 నవంబర్ 9న, గురువారం, టెన్నెసీ కొండల మీది ఓ చిన్న చర్చి కాలేజీ టీమ్ వచ్చి, మ్యాచ్ గెలిచి, మర్నాటి మ్యాచ్ కోసం మళ్లీ రైలెక్కింది. ఇవాళ వాళ్ల గురించే చెప్తాను.

సెవానీ అని ఊరు. కాలేజీ అసలు పేరు యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్, ఎపిస్కోపల్ చర్చి వాళ్లది. కోచ్ బిల్లీ సూటర్, కెప్టెన్ హెన్రీ సైబెల్స్. నాకైతే ఈ కథలో వీళ్లిద్దరికంటే మేనేజర్ ల్యూక్ లీ ముఖ్యుడు. అతనూ అక్కడ విద్యార్థే. టెన్నెసీలోనే ఉన్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీతో టికెట్ డబ్బుల పంపకం దగ్గర పేచీ వచ్చి ఆ ఏడాది వాళ్లతో మ్యాచ్ లేకుండా పోయింది, సీజన్ మొత్తంలో గట్టిగా డబ్బులొచ్చేది ఆ ఒక్క మ్యాచ్‌కే. ఆ లోటు పూడ్చడానికి లీ చేసిన పనేంటంటే, రైళ్ల టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని దాదాపు 2,500 మైళ్ల ప్రయాణంలో ఐదు మ్యాచ్‌లు కుదిర్చాడు. ఈ టూర్ గురించి చెప్పేవాళ్లు వీరత్వం, పౌరుషం అంటూ మొదలుపెడతారు గానీ, దీని వెనక ఉన్నది ఖర్చు లెక్క.

బయల్దేరాక తెలిసిందట, ఆటగాళ్ల బూట్లు స్టేషన్‌లోనే ఉండిపోయాయని. లీ టెలిగ్రామ్ కొట్టి వెనక వచ్చే రైల్లో తెప్పించాడని చెప్తారు. కొత్త ఊళ్ల నీళ్లు పడకపోతే ఎలా అని, తమ ఊరి ఊట నీళ్లు మాత్రం పీపాల్లో వెంట తీసుకెళ్లారు.

గురువారం ఆస్టిన్‌లో టెక్సస్ మీద 12-0. సైబెల్స్ తల చిట్లి రక్తం కారుతుంటే కట్టు కట్టించుకుని ఆడాడు. శుక్రవారం హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం మీద 10-0. శనివారం న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ యూనివర్సిటీ మీద 23-0. ఆదివారం ఆట లేదు (చర్చి కాలేజీ కదా), ఓ చెరకు తోట చూసొచ్చారు. సోమవారం బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద 34-0. మంగళవారం మెంఫిస్‌లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) మీద 12-0. కూడితే 91-0.

ఆ రోజుల్లో టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలివాళ్ల గీత దాటిస్తే, 5 పాయింట్లు, తర్వాత గోల్ కిక్ పడితే ఇంకొకటి. కాబట్టి 12 అంటే రెండు టచ్‌డౌన్‌లు, రెండు కిక్‌లు. బంతిని ముందుకి విసరడానికి వీల్లేదు, ఆ రూల్ 1906లో గానీ రాలేదు. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది, అంటే ఆటంతా తిరునాళ్లలో జనం తోపులాటలా ఉండేది. బయటికెళ్లినవాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ రాకూడదు, అందుకే దెబ్బ తగిలినా దిగేవాళ్లు కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. రెండు టీమ్‌లూ మాట్లాడుకుని ఆట సమయం తగ్గించుకోవడం అప్పట్లో మామూలే, కాబట్టి ఈ ఐదింటినీ నేటి మ్యాచ్‌లతో పోల్చకండి. అయినా దాదాపు అదే జట్టుతో, సరిగా నిద్ర లేకుండా రైలు దిగి గ్రౌండ్‌లోకి దిగడమంటే ఒళ్లు హూనమే.

నిజంగా టెన్షన్ పెట్టిన మ్యాచ్ మాత్రం తర్వాత వచ్చింది. నవంబర్ 30న మాంట్‌గమరీలో, అలబామాకి చెందిన ఆబర్న్ కాలేజీతో. వాళ్ల కోచ్ జాన్ హైస్‌మన్, ఏటా మేటి ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ ఈయన పేరు మీదే ఉంది. సెవానీ 11-10తో బతికి బట్టకట్టింది. సీజన్ మొత్తంలో వాళ్ల మీద పాయింట్లు సాధించిన టీమ్ ఆబర్న్ ఒక్కటే. రెండు రోజులకే అట్లాంటాలో నార్త్ కరోలినా మీద 5-0. ఆడినవి 12, గెలిచినవి 12, వేసినవి 322 పాయింట్లు, ఇచ్చినవి 10.

మన ల్యూక్ లీ తర్వాత ఏం చేశాడంటే, అమెరికా సెనేటర్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919 జనవరిలో కొందరు సైనికులను వెంటేసుకుని నెదర్లాండ్స్ వెళ్లి, అక్కడ తలదాచుకున్న జర్మన్ చక్రవర్తి కైజర్‌నే పట్టుకొద్దామనుకున్నాడు! కైజర్ ఉన్న కోటలోకైతే వెళ్లారు గానీ, ఒకడు యాష్‌ట్రే ఎత్తుకొచ్చాడు, అంతే. టైమ్‌టేబుల్ కుదిర్చిన బుర్రకి ఇదేం ప్లానో నాకర్థం కాదు.

ఇక సెవానీ సంగతి. 1932లో ఎస్‌ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్, దక్షిణాది యూనివర్సిటీల లీగ్) పెట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో అదీ ఒకటి. అప్పటికే పెద్ద యూనివర్సిటీలు డబ్బులోనూ జనంలోనూ అందనంత దూరం వెళ్లిపోయాయి, ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండానే 1940లో బయటికి వచ్చేసింది. ఇప్పుడు కాలేజీ ఆటల్లో కింది స్థాయి అయిన డివిజన్ 3లో, ఆట స్కాలర్‌షిప్‌లు లేని కాలేజీల మధ్య ఆడుతోంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.