రైఫిల్ బరువు తగ్గించాలంటే స్టాక్‌లోనా, బ్యారెల్‌లోనా?

అందరికీ నమస్కారం. కొలరాడోలో లైసెన్స్ తీసుకుని ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి కొండలెక్కే మన తెలుగువాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటి వేటకి చోటు లేదు, కాబట్టి ఇదంతా ఇక్కడి సంగతే.

పదివేల అడుగుల ఎత్తులో భుజాన ఉన్న ప్రతి ఔన్సూ తెలుస్తుంది. అందుకే చాలామంది ముందు చేసే పని, 24 అంగుళాల బ్యారెల్‌ని, అంటే తూటా బయటికొచ్చే గొట్టాన్ని, 22కి కోయించడం. లెక్క చూడండి. సన్నటి .30 క్యాలిబర్ (అంటే లోపలి రంధ్రం సుమారు 0.30 అంగుళాలు) బ్యారెల్ మూతి దగ్గర అంగుళానికి సుమారు ఒక ఔన్సు ఉక్కు ఉంటుంది, అంటే తగ్గేది రెండు ఔన్సులు, పోయేది తూటా వేగం. అదే రెండు పౌండ్ల పైచిలుకు వాల్‌నట్ చెక్క స్టాక్ (బ్యారెల్‌ని మోస్తూ మన భుజానికి ఆనే భాగం) తీసేసి మంచి కార్బన్ ఫైబర్ స్టాక్ పెడితే ఒక పౌండు దాకా బరువు తగ్గుతుంది! 1980లలోనే వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ తన అల్ట్రా లైట్ ఆర్మ్స్ రైఫిళ్లకి కెవ్లార్, గ్రాఫైట్‌లతో పౌండు బరువుండే స్టాక్ చేశాడు, అదీ గట్టిగా, వంగకుండా.

ప్లాస్టిక్ స్టాక్ అనగానే తేలిక అనుకోకండి. చవకరకం పోతపోసిన స్టాక్ చాలాసార్లు చెక్కంత బరువే ఉంటుంది, పైగా ముందుభాగం వంగి బ్యారెల్‌కి తగులుతుంది. పొరలు అతికించి చేసిన లామినేట్ చెక్క వానకీ మంచుకీ చెక్కుచెదరదు కానీ వాల్‌నట్ కన్నా బరువు.

బ్యారెల్ విషయంలో నేను కాస్త మొండిగానే చెబుతాను, మరీ సన్నం చేయించకండి. సన్నటి బ్యారెల్ మూడు నాలుగు గుళ్లకే వేడెక్కుతుంది. వేటలో అన్ని గుళ్లు పేల్చం కదా అంటారు, నిజమే, కానీ అసలు ఇబ్బంది వేరే ఉంది. ఎక్కి ఎక్కి ఊపిరాడక, గుండె దడదడలాడుతున్నప్పుడు మూతి తేలికగా ఉన్న రైఫిల్ గురి దగ్గర నిలవదు, గాయపడిన జంతువు అడవిలో పడి బాధపడటం కన్నా మనం అర పౌండు ఎక్కువ మోయడమే నయం. డబ్బుంటే మోంటానాలోని ప్రూఫ్ రీసెర్చ్ చేసేలాంటి, సన్నటి ఉక్కు గొట్టానికి కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ ఉంది, లావుగా ఉన్నా తేలికే.

ఇంకోటి, 8 పౌండ్ల రైఫిల్‌ని 6 పౌండ్లకి తెస్తే అదే తూటాకి వెనక్కి తన్నే శక్తి మూడోవంతు పెరుగుతుంది. భుజం భయపడితే ట్రిగ్గర్ మీద వేలు కూడా భయపడుతుంది.

స్కోపు, దాన్ని బిగించే మౌంట్లు, తూటాలు, భుజానికి తగిలించుకునే స్లింగ్ అన్నీ పెట్టాకే తూకం వేయండి. బల్ల మీద రెండు రైఫిళ్లు పెట్టాను, ఒకటి తేలిక స్టాక్‌తో మధ్యరకం బ్యారెల్, రెండోది చెక్క స్టాక్‌తో సన్న బ్యారెల్. రెండూ ఖాళీవే, అయినా బోల్ట్ (తూటా ఉండే చోటుని మూసే కడ్డీ) తెరిచి మీరే ఒకసారి చూసుకుని, గోడవైపు గురిపెట్టి కాసేపు నిలబడి చూడండి.