ఏప్రిల్‌లో సెలవు పెట్టండి

సభకు విచ్చేసిన పెద్దలకు, ఉద్యోగ మిత్రులకు నమస్కారం.

వేసవిలో విశ్రాంతి గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. విశ్రాంతి మంచిదని చెప్పడానికి నేను రానక్కరలేదు. దాన్ని ఎప్పుడు తీసుకోవాలన్న దగ్గరే నాకు పేచీ ఉంది. పిల్లల బడులు మూస్తారని, పెళ్లి ముహూర్తాలు ఉంటాయని మనలో చాలామంది ఆర్జిత సెలవును మే నెల కోసం దాచుకుంటారు. తీరా సెలవు మంజూరయ్యేసరికి ఉదయం తొమ్మిది గంటలకే వీధి నిప్పులు చెరుగుతుంటుంది కనుక, అడిగి తెచ్చుకున్న ఆ రోజులన్నీ తలుపులు బిగించుకుని కూలరు ఎదుట గడిచిపోతాయి. ఆరుబయట హాయిగా తిరగదగిన రోజులు అప్పటికే ఆఫీసులో ఖర్చయిపోయి ఉంటాయి.

కార్తెల లెక్క తెలిసిన రైతు ఈ పొరపాటు చేయడు. మార్చి ఆఖరున రేవతి, ఏప్రిల్ నడుమ అశ్విని, నెలాఖరుకు భరణి, మే రెండో వారంలో కృత్తిక, మే 25 ప్రాంతంలో రోళ్లు పగిలే రోహిణి: ఎండ ముదిరే వరుస ఇది. మెట్ట ప్రాంతాల్లో శనగ, జొన్న ఇల్లు చేరాక, మృగశిరలో ఏరువాక సాగే దాకా పొలంలో పెద్ద పని ఉండదు. ఆ తెరిపిలో కూడా శ్రీరామనవమి పందిళ్లూ జాతరలూ ముందుగానే వస్తాయి. డెల్టాలో దాళ్వా (రెండో పంట) వరి కోతలు ఏప్రిల్‌లోనే సాగుతాయి కాబట్టి అక్కడి రైతుకు ఈ మాట వర్తించదు. ఉద్యోగులకు మాత్రం నిక్షేపంగా వర్తిస్తుంది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం లెక్కలు ముగిసి, కొత్త ఏడాది ఫైళ్లు ఇంకా ఊపందుకోని సమయం ఏప్రిలే. పిల్లలకు ఒంటిపూట బడులు నడుస్తుంటాయి కనుక మధ్యాహ్నం నుంచి వాళ్లూ చేతికి అందుతారు.

ఈ రోజుల్లోని సుఖమంతా పగటికీ రాత్రికీ ఉన్న తేడాలోనే ఉంది. తెలంగాణ, రాయలసీమ పీఠభూములు సముద్రానికి దూరం. నేల పొడిగా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు పగలు పీల్చుకున్న వేడిని భూమి రాత్రికి త్వరగా వదిలేస్తుంది. అందువల్ల ఏప్రిల్ మొదట్లో తెల్లవారుజామున ఇంకా చల్లదనం మిగిలే ఉంటుంది. కోస్తాలో లెక్క వేరు. ఎండకు నేల ముందుగా వేడెక్కి, సముద్రం ఇంకా చల్లగా ఉండటంతో మధ్యాహ్నం దాటాక గాలి కడలి మీద నుంచి ఒడ్డుకు తిరుగుతుంది. కాబట్టి హైదరాబాదు వారు ఉదయాన్ని, విశాఖ, కాకినాడ వారు సాయంత్రాన్ని వదులుకోరాదని నా సలహా. పది నుంచి నాలుగు దాకా ఎవరైనా నీడ పట్టున ఉండవలసిందే. తొలి వేసవి అయినంత మాత్రాన వడదెబ్బ మొహమాటపడదు.

ఇక చూడవలసింది ఏమిటంటే, దూరం వెళ్లనక్కరలేదు. మన కాలనీల్లో వరుసగా కనిపించే కానుగ చెట్టు దగ్గర ఆగండి. వేసవి ముందు ఆకు రాల్చి బోసిగా నిలబడ్డ ఆ చెట్టు, కొద్ది రోజుల్లోనే కొమ్మ కనిపించకుండా చిగురిస్తుంది. ఆ లేత ఆకును వెలుగుకు ఎత్తి చూస్తే ఈనెలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, పైన నూనె రాసినంత మెరుపు ఉంటుంది. మరికొన్నాళ్లకు కంటికి కనిపించనంత చిన్న నల్లులు (మైట్లు) చేరి ఆకుల మీద వేళ్లలాంటి బుడిపెలు లేపుతాయి, పురుగులు ఆకు పొరల మధ్య తెల్లని గీతలు తొలుస్తాయి. మచ్చలేని కానుగ ఆకును చూడాలంటే ఈ రోజుల్లోనే చూడాలి. ఆ పక్కనే వేపచెట్టు ఉంటే దాని కింద నేలంతా సన్నని తెల్లపూత రాలి ఉంటుంది. ఉగాది పచ్చడికి కోసుకున్నాక ఆ చెట్టువైపు మళ్లీ తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

అడవి అంచుకు వెళ్లగలిగినవారికి ఇప్పపూలు ఉన్నాయి. రాత్రి విచ్చుకున్న పూలు తెల్లవారుజామున టపటపా రాలుతాయి. ఆదిలాబాదు వైపు గోండులు, భద్రాచలం వైపు కోయలు చెట్టు కింద ముందే శుభ్రం చేసి ఉంచి, ఎండ ఎక్కకముందే బుట్టలకు ఎత్తుకుంటారు. కండగల ఆ తీపి పువ్వు ఎండితే ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. మనకు విహారమైన ఆ వేళ వారికి జీవనాధారమైన పని వేళ అన్నది గుర్తుంచుకుని, చెట్టు కింద తొక్కుకుంటూ తిరగకుండా ఉంటే మర్యాద.

రాత్రికి డాబా మీద నీళ్లు చల్లి పక్క వేసుకోండి. ఏప్రిల్ సాయంత్రాల్లో మృగశిర నక్షత్రం పడమట దిగిపోతుంటే, ఉత్తరాన సప్తర్షులు పైకెక్కి ఉంటారు. వారి తోక వంపును అలాగే పొడిగిస్తూ పోతే ముందు స్వాతి, ఆ తరువాత చిత్త దొరుకుతాయి. చైత్ర పౌర్ణమి నాడు చంద్రుడు ఉండేది ఆ చిత్త చేరువలోనే. పిల్లలకు ఇంతకంటే సులువైన ఖగోళ పాఠం లేదు.

సెలవు తీసుకోవడమంటే పనికి ద్రోహమన్నట్టు మాట్లాడేవారికి ఒక మాట. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికి ఒక్క రోజు విశ్రాంతి కావాలని కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో అడగడం మొదలుపెడితే, యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నది 1890 జూన్ 10న. ఆ తరువాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు ఇవ్వాలంది. అలా పోరాడి సాధించుకున్న దాన్ని మనం సరెండర్ చేసి డబ్బు తీసుకుంటాం, లేదా పదవీ విరమణ నాటికి 300 రోజులు నిల్వ చూపించి గర్వపడతాం. ఇంటి అవసరాలు ఉన్నవారిని తప్పుపట్టను. అవసరం లేకపోయినా దాచేవారి లెక్క మాత్రం నాకు అర్థం కాదు. భవన నిర్మాణ కూలీలకు, ఇంటింటికీ సరుకులు చేర్చే కుర్రాళ్లకు ఆ నిల్వ లేదు. పని మానిన రోజున వారికి కూలి కూడా లేదు. మీ ఇంట పని చేయించేవారిని ఈ నెలలో ఉదయం త్వరగా రమ్మని, మధ్యాహ్నం పూర్తి కూలితో పంపించడం మీ చేతిలోనే ఉంది.

దరఖాస్తులో కారణం ఏమి రాయాలన్న సందేహం వద్దు, సొంత పని అని రాస్తే చాలు. కృత్తిక కార్తె వచ్చాక మీరు ఆఫీసు ఫ్యాను కింద కూర్చుని, మేలో సెలవు పెట్టిన సహోద్యోగుల సీట్లు కూడా నిశ్చింతగా చూసుకోవచ్చు.