12 లక్షల లాభం వచ్చినా గల్లాలో డబ్బు ఎందుకు తగ్గింది?
(నెల్లూరులో బీకాం విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కోవూరు, అల్లూరు, విడవలూరు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో రొయ్యల గుంట ఉండొచ్చు, లేదా మేత కొట్టులో బాకీ ఉండొచ్చు. అందుకే నగదు ప్రవాహ నివేదికను, అంటే ఏడాదిలో డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో చూపే లెక్కను, రొయ్యల మేత కొట్టు లెక్కతోనే చెబుతాను.

మా నాన్నకి ఇందుకూరుపేట దగ్గర మేత కొట్టు ఉండేది. బీకాం రెండో ఏడాదిలో నేను తొలిసారి ఆయన లెక్కలు కట్టి, మంచి లాభం వచ్చిందని సంబరంగా చెప్పాను. ఆయన, "లాభం సరే అబ్బయా, రేపు కంపెనీకి కట్టాల్సిన డబ్బేది?" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. ఆ జవాబే ఈ నివేదిక.

మేత బస్తా రైతు బండెక్కిన రోజే మన పుస్తకంలో అమ్మకం పడుతుంది, లాభం కూడా ఆ రోజే లెక్కకొస్తుంది. డబ్బు మాత్రం పట్టుబడి అయ్యాక, అంటే రైతు గుంటలో రొయ్యలు పట్టి అమ్మాకే వస్తుంది. వనామీ రకం రొయ్యకి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఫిబ్రవరిలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలితే, లెక్కలు ముగించే మార్చి 31న రొయ్య ఇంకా గుంటలోనే ఉంటుంది, మన డబ్బూ అక్కడే ఉంటుంది.

ఇద్దరు అన్నదమ్ముల భాగస్వామ్య కొట్టు ఒకటి ఉందనుకుందాం. పన్నుకు ముందు లాభం 12 లక్షలు. నివేదికలో మూడు భాగాలుంటాయి: వ్యాపార కార్యకలాపాలు, పెట్టుబడులు, ఫైనాన్సింగ్ (అప్పులు, యజమానుల డబ్బు). మొదటి భాగం కోసం ఈ లాభం నుంచి వెనక్కి నడుస్తాం. లాభంలో కలిసిన ప్రతి అంకెనూ 'డబ్బు చేతులు మారిందా?' అని అడుగుతాం.

మొదట తరుగుదల, 2 లక్షలు. దీన్ని లాభానికి కూడతాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. తరుగుదల వల్ల డబ్బు వచ్చిందని పరీక్షల్లో రాస్తారు. రాలేదు! వ్యాన్ పాతబడిందని లాభంలోంచి 2 లక్షలు తగ్గించాం కానీ ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. తీసిందే తిరిగి పెడుతున్నాం, అంతే.

బ్యాంకు వడ్డీ 3 లక్షలు. ఇది నిజంగా కట్టిన డబ్బే, కానీ అప్పుకు సంబంధించినది. కాబట్టి ఇక్కడ కూడి, కింద ఫైనాన్సింగ్ భాగంలో చూపిస్తాం. ఇక పుస్తక విలువ (తరుగుదల పోగా లెక్కల్లో మిగిలిన విలువ) 2 లక్షలున్న పాత వ్యాన్‌ను 3 లక్షలకు అమ్మారు. లాభం 1 లక్ష. వచ్చిన 3 లక్షలూ పెట్టుబడుల భాగంలో పడతాయి కాబట్టి ఈ 1 లక్షను ఇక్కడ తీసెయ్యాలి. లేకపోతే అదే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఇప్పటికి 12, 2, 3 కలిపి 17, అందులో 1 పోతే 16 లక్షలు.

ఇప్పుడు అసలు కథ. రైతుల దగ్గర రావాల్సిన బాకీ 20 నుంచి 38 లక్షలకు పెరిగింది. అంటే 18 లక్షల అమ్మకం లాభంలో ఉంది, గల్లాలో లేదు. తీసెయ్యాలి. గోదాములో సరుకు 10 నుంచి 14కి పెరిగింది, ఇంకో 4 లక్షలు బస్తాల్లో ఇరుక్కున్నాయి. మేత కంపెనీకి మనం ఇవ్వాల్సింది 9 నుంచి 13కి పెరిగింది. అది మన దగ్గరే ఆగిన డబ్బు కాబట్టి 4 కూడతాం. మిగిలింది మైనస్ 2. కట్టిన పన్ను 2 లక్షలు. మొత్తం మీద వ్యాపార కార్యకలాపాల నగదు మైనస్ 4 లక్షలు.

తర్వాతి రెండు భాగాలు తేలిక. కొత్త వ్యాన్‌కు 10 పోయింది, పాతదానికి 3 వచ్చింది, పెట్టుబడుల్లో మైనస్ 7. బ్యాంకు నుంచి 15 అప్పు వచ్చింది, వడ్డీ 3, అన్నదమ్ములు ఇంటికి వాడుకున్నది 4, ఫైనాన్సింగ్‌లో ప్లస్ 8. మూడూ కలిపితే మైనస్ 3. ఏడాది మొదట్లో 5 లక్షలు ఉంటే చివర్లో 2 లక్షలు ఉండాలి. గల్లా, బ్యాంకు పాస్‌బుక్ కలిపి చూడండి. 2 రాకపోతే ఎక్కడో ఒక వరుస తప్పింది.

ఇలాంటి భాగస్వామ్య కొట్టుకు ఈ నివేదిక తయారుచేయమని కంపెనీల చట్టం చెప్పదు. 2013 చట్టంలో చిన్న కంపెనీలకు, ఏకవ్యక్తి కంపెనీలకు కూడా మినహాయింపు ఉంది. అయినా చిన్న వ్యాపారులకే ఇది ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం. అప్పు తెచ్చిన 15లో వ్యాన్‌కు నికరంగా 7 పోయింది, మిగతా 8 వడ్డీకి, ఇంటి ఖర్చుకు, రైతుల అరువుకు కరిగిపోయింది. ఈ సంగతి లాభనష్టాల ఖాతాలో ఎంత వెతికినా కనబడదు. గుంటల్లో తెల్లమచ్చ వ్యాధి వచ్చిందంటే ఆ 38 లక్షల్లో ఎంత వెనక్కొస్తుందో, ఆ టెన్షన్ ఏమిటో మా ఇంట్లో చూశాను.

ఇప్పుడు నోట్‌బుక్కులు తియ్యండి. అదే కొట్టు, తర్వాతి ఏడాది. పట్టుబడి బాగా వచ్చి రైతుల బాకీ 38 నుంచి 22 లక్షలకు తగ్గింది. ఆ 16 లక్షలు కూడాలా, తీసెయ్యాలా? ముందుగా, వెనక బెంచీ వాళ్లు చెప్పండి.