ఐదుగురినీ ఒకే వేసవిలో మార్చేశారు: చీఫ్స్ అఫెన్సివ్ లైన్ మళ్లీ ఎలా కట్టారు?

[తెర మీద: ఖాళీ ఫీల్డ్ బొమ్మ. ఒక ఎర్ర చుక్క వెనక్కి, పక్కకి గీత గీసుకుంటూ పోతుంది. పక్కన అంకె పెరుగుతూ 497 దగ్గర ఆగుతుంది.]

2021 ఫిబ్రవరి 7, టాంపా. సూపర్ బౌల్ 55, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్. కాన్సస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) ప్యాట్రిక్ మహోమ్స్ ఆ రాత్రి బంతి విసిరేలోపు, లేదా పట్టుబడేలోపు, పరిగెత్తిన దూరం అంతా కలిపితే 497 గజాలు. ముందుకి పరిగెత్తింది తక్కువ. ఎక్కువంతా వెనక్కి, పక్కలకి, మీదికొస్తున్న మనిషిని తప్పించుకోవడానికే. ఆ ఒక్క మ్యాచ్‌లో 29 సార్లు ఒత్తిడిలో పడ్డాడు. అంతకు ముందు ఏ సూపర్ బౌల్‌లోనూ ఏ క్వార్టర్‌బ్యాక్‌కీ అన్నిసార్లు జరగలేదు. టాంపా బే 31-9తో గెలిచింది. చీఫ్స్‌కి ఒక్క టచ్‌డౌన్ కూడా రాలేదు.

టాంపా బే ఆ రోజు బ్లిట్జ్ (మామూలుగా వచ్చే నలుగురికి తోడు ఇంకొందరిని క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికించడం) దాదాపు చేయనే లేదు. నలుగురినే పంపి, మిగతా ఏడుగురినీ వెనక పాసులకి కాపలా పెట్టింది. ఆ నలుగురిని, మహోమ్స్ ముందు నిలబడి కాపాడే ఐదుగురు, అంటే అఫెన్సివ్ లైన్, ఆపలేకపోయారు. మహోమ్స్ లాంటి వాడున్నా సరే, ఇక ఏ ప్లే రాసినా పనిచేయదు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక లైన్‌ని మొత్తం విప్పేసి, డబ్బుతో కొంత, డ్రాఫ్ట్‌తో కొంత (కాలేజీ కుర్రాళ్లని జట్లు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకునే పద్ధతి, ఒక్కో వంతు ఒక పిక్) మళ్లీ కట్టడం ఎలాగో చూడాలంటే ఆ తర్వాతి ఏడు నెలలకి మించిన పాఠం లేదు.

[తెర మీద: ఐదు గుండ్రాలు వరసగా. ఎడమ నుంచి: లెఫ్ట్ టాకిల్, లెఫ్ట్ గార్డ్, సెంటర్, రైట్ గార్డ్, రైట్ టాకిల్.]

కొత్తవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. మధ్యలో సెంటర్. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి ఇచ్చేది ఇతనే. ఆ ఇవ్వడాన్నే స్నాప్ అంటారు. ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, ఎవరు ఎవర్ని పట్టుకోవాలో కేకేసి చెప్పేదీ ఎక్కువగా ఇతనే. అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమ వైపు నుంచి వచ్చేవాడు కనపడడు కాబట్టి లెఫ్ట్ టాకిల్‌కి అంత ఖరీదు. స్నాప్ అయ్యాక బంతి చేయి వదలడానికి సాధారణంగా రెండున్నర సెకన్ల పైచిలుకు పడుతుంది. అంతసేపు ఆపితే చాలు, ఈ ఐదుగురి పని అయినట్టే.

టాంపాలో ఆడిన ఐదుగురు చీఫ్స్ అసలు లైన్ కాదు. లెఫ్ట్ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కి రెండు వారాల ముందు, బఫెలోతో మ్యాచ్‌లో మడమ వెనక అకిలీస్ స్నాయువు (టెండన్) తెగింది. రైట్ టాకిల్ మిచెల్ ష్వార్ట్జ్ నడుము నొప్పితో అక్టోబర్ నుంచీ బయటే. గార్డ్ కెలెచీ ఒసెమెలేకి రెండు మోకాళ్లూ దెబ్బతిన్నాయి. మరో గార్డ్ లొరాన్ దువెర్నే-టార్డిఫ్ డాక్టర్, కోవిడ్ డ్యూటీ చేయడానికి ఆ సీజన్ వదులుకున్నాడు. దాంతో మైక్ రెమర్స్ కుడి నుంచి ఎడమకి వెళ్లాడు. గార్డ్ ఆండ్రూ వైలీ కుడి టాకిల్‌కి జరిగాడు. ఒకరికి దెబ్బ తగిలితే ఇద్దరు కొత్త చోట్లలో నిలబడాల్సి వచ్చింది. లైన్లు కూలేది ఇలాగే. పక్కకి జరిగినవాడికి అడుగులు తిరగబడతాయి. ఎడమ వైపు ఎడమ కాలు వెనక్కి వేసేవాడు, కుడి వైపు కుడి కాలు వేయాలి. వారం రోజుల్లో ఒంటికి పట్టే అలవాటు కాదది.

[తెర మీద: శాలరీ క్యాప్ (జట్టు జీతాలకి లీగ్ పెట్టే పరిమితి). 2020: 19.82 కోట్ల డాలర్లు. 2021: 18.25 కోట్ల డాలర్లు.]

బాగు చేద్దామంటే, జేబు ఖాళీ అయిన ఏడాది అది. స్టేడియాల్లో జనం లేక లీగ్ ఆదాయం పడిపోయింది, క్యాప్ తగ్గింది. అందుకని జనరల్ మేనేజర్ బ్రెట్ వీచ్ కొనుగోళ్లకి ముందు కోతలు పెట్టాడు. 2021 మార్చి 11న ఫిషర్‌నీ ష్వార్ట్జ్‌నీ ఒకే రోజు వదిలేశాడు. ఏళ్ల తరబడి రెండు చివర్లూ కాసినవాళ్లు. దాంతో క్యాప్‌లో సుమారు 1.8 కోట్ల డాలర్లు మిగిలాయి.

ఇక్కడ డెడ్ మనీ సంగతి తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. లెక్క కోసం ఒక కాంట్రాక్టు అనుకుందాం: ఐదేళ్లు, సంతకం పెట్టగానే 2 కోట్ల డాలర్ల బోనస్. డబ్బు ఆటగాడి చేతికి ముడుతుంది, క్యాప్ పుస్తకంలో మాత్రం ఏడాదికి 40 లక్షల చొప్పున ఐదేళ్లకి పంచి రాస్తారు. రెండేళ్లయ్యాక అతన్ని వదిలేస్తే, ఇంకా రాయని కోటీ 20 లక్షలు ఒక్కసారిగా ఆ ఏడాది మీద పడతాయి. అదే డెడ్ మనీ. జూన్ 1 తర్వాత వదిలినట్టు చూపిస్తే ఈ ఏడాది 40 లక్షలు, వచ్చే ఏడాది 80 లక్షలు. అందుకే వదిలేద్దామనుకునే ముందు చూడాల్సిన అంకె జీతం కాదు, ఇంకా రాయకుండా మిగిలిన బోనస్. కాంట్రాక్టు చివరి ఏడాదిలో ఉన్నవాణ్ణి వదిలితే మిగిలేది ఎక్కువ. ఫిషర్, ష్వార్ట్జ్ ఇద్దరిదీ చివరి ఏడాదే.

ఇక కొనుగోలు. మార్చి మధ్యలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసినవాళ్లు ఏ జట్టుకైనా వెళ్లే మార్కెట్) తెరవగానే న్యూ ఇంగ్లండ్ నుంచి గార్డ్ జో థూనీ. ఐదేళ్లకి 8 కోట్ల డాలర్లు. టాకిల్ కావాల్సిన జట్టు గార్డుకి ఇంత పోయడమేంటి అనిపిస్తుంది. మంచి టాకిల్‌ని ఏ జట్టూ మార్కెట్ దాకా రానివ్వదు, గడువుకి ముందే సంతకం పెట్టించుకుంటుంది. మార్కెట్‌లోకి వచ్చే నాణ్యమైన సరుకు ఎక్కువగా గార్డులే. ఆ ఏడాది బయటికొచ్చిన గొప్ప లెఫ్ట్ టాకిల్ ట్రెంట్ విలియమ్స్ ఒక్కడు. చీఫ్స్ గట్టిగానే ప్రయత్నించింది. అతను ఆరేళ్లకి సుమారు 13.8 కోట్ల డాలర్లకి శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఉండిపోయాడు.

థూనీని కొనడంలో నాకు నచ్చేది వేరే ఉంది. కాలేజీలో అతను లెఫ్ట్ టాకిల్, న్యూ ఇంగ్లండ్‌లో అవసరానికి సెంటర్‌గానూ ఆడినవాడు. ఒక్క జీతానికి మూడు చోట్లకి బీమా. ఎవరినైనా వదులుకోవాల్సి వస్తే ఇలాంటివాణ్ణి చివరికి వదలాలి. అది ఎందుకో 2024 దగ్గరికొచ్చాక తెలుస్తుంది.

లెఫ్ట్ టాకిల్ ఖాళీ అలాగే ఉంది. డ్రాఫ్ట్‌కి ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 23న, బాల్టిమోర్‌తో బేరం కుదిరింది.

[తెర మీద: రెండు పళ్లేలున్న త్రాసు. ఎడమన, చీఫ్స్ ఇచ్చినవి: 2021లో 31వ, 94వ, 136వ పిక్‌లు, 2022 ఐదో రౌండ్. కుడిన, చీఫ్స్‌కి వచ్చినవి: టాకిల్ ఆర్లాండో బ్రౌన్ జూనియర్, 2021లో 58వ పిక్, 2022 ఆరో రౌండ్.]

బ్రౌన్ బాల్టిమోర్‌లో రైట్ టాకిల్. రోనీ స్టాన్లీకి దెబ్బ తగిలినప్పుడు ఎడమకి వెళ్లి బాగా ఆడాడు, ఇక ఎడమనే ఆడతానని పట్టుబట్టాడు. చీఫ్స్‌కి సిద్ధంగా ఉన్న మనిషి దొరికాడు. కానీ అతని కాంట్రాక్టులో మిగిలింది ఒక్క ఏడాది. మొదటి రౌండ్ పిక్‌తో కుర్రాణ్ణి తెచ్చుకుంటే నాలుగేళ్లు, జట్టు కోరితే ఐదో ఏడాది కూడా, చవకగా ఆడతాడు. ఆ ఐదేళ్లని ఇచ్చి ఒక్క ఏడాదిని కొన్నారు. మహోమ్స్ వయసు అప్పటికి 25. మరో సీజన్ వృథా చేయలేమని ఆ ధర కట్టారు. నేనైతే ఆ ధర న్యాయమే అంటాను, అప్పు తర్వాత తీర్చాల్సి వచ్చినా.

అసలు లాభం డ్రాఫ్ట్‌లో వచ్చింది. రెండో రౌండ్ 63వ పిక్: ఓక్లహోమా సెంటర్ క్రీడ్ హంఫ్రీ. ఎడమ చేత్తో స్నాప్ ఇస్తాడు. బంతి గిరగిర తిరిగే దిశ మారుతుంది, అందుకునేవాళ్ల చేతులకి ముందు అలవాటు చేయాలి. ఆరో రౌండ్ 226వ పిక్: టెనెసీ గార్డ్ ట్రే స్మిత్. ఆట చూస్తే ఎంతో ముందు పోవాల్సినవాడు. 2018లో ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు కనపడ్డాయి, ఆ ఫైలు చూసి జట్లన్నీ వెనక్కి తగ్గాయి. మళ్లీ వస్తే కెరీర్ పోతుంది, ప్రాణానికీ ప్రమాదమే. కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేం. కాకపోతే మొదటి రౌండ్‌లో ఆ భయం ఖరీదు లక్షల డాలర్లు, ఆరో రౌండ్‌లో దాదాపు ఏమీ లేదు. ఒకే రిపోర్టు, ఎక్కడ తీసుకుంటున్నామన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

సెంటర్, గార్డ్ డ్రాఫ్ట్‌లో కిందికి దొరకడానికి ఇంకో కారణం చేతుల పొడవు. టాకిల్‌కి 33, 34 అంగుళాలు ఉండాలని స్కౌట్లు చూస్తారు, చివర్న వేగంగా తిరిగేవాణ్ణి ముందు తాకాలి కాబట్టి. లోపలి మూడు చోట్లా ఎదుటివాడు గజం దూరంలోనే ఉంటాడు. అక్కడ నడుము వంచకుండా కూర్చునే బలం, పక్కవాడితో మాట ముఖ్యం. ఆ గుణాలు పదిమందిలో ఉంటాయి. 34 అంగుళాల చేతులుండి, కాళ్లు చురుగ్గా కదిలే 140 కిలోల మనుషులు మాత్రం అరుదు.

[తెర మీద: నెమ్మదిగా కదిలే బొమ్మ. రెండు నీలం గుండ్రాలు: గార్డ్, టాకిల్. వాటికి ఎదురుగా రెండు నల్ల త్రికోణాలు.]

ఇప్పుడొక్క ప్లేని దగ్గరగా చూద్దాం. దీన్ని స్టంట్ అంటారు. స్నాప్ కాగానే గార్డ్ ఎదురుగా ఉన్నవాడు నేరుగా రాడు, బయటికి ఉరికి మన టాకిల్ లోపలి భుజాన్ని గుద్దుతాడు. చివర్న ఉన్నవాడు రెండడుగులు ముందుకొచ్చి, అతని వెనక నుంచి తిరిగి లోపలికి దూరతాడు. గార్డ్ తన మనిషి వెంట పోతే లోపల తలుపు బార్లా తెరుచుకుంటుంది. కాబట్టి తన మనిషిని చేత్తో టాకిల్ వైపు తోసి, కళ్లు లోపలికి తిప్పాలి. టాకిల్ తన మనిషిని వదిలి, వస్తున్నవాణ్ణి అందుకోవాలి. ఇదంతా సెకను లోపు.

తప్పు జరిగేది సాధారణంగా ఒకే చోట: లోతు. టాకిల్ ఒక గజం ఎక్కువ వెనక్కి పోతే ఇద్దరూ ఒకే గీత మీద ఉండరు, ఎదుటివాడు ఆ మెట్టు సందులో దూరిపోతాడు, లేదా మనవాళ్లిద్దరూ ఒకరినొకరు గుద్దుకుంటారు. కబడ్డీలో చేతులు పట్టుకున్న గొలుసు చూడండి. ఇద్దరిలో ఒకడు అడుగు ముందుంటే రైడర్ అక్కడే తెంపుకుని పోతాడు. లైన్‌లో పట్టుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు, కాబట్టి గొలుసంతా మాట మీద, అలవాటు మీద నిలబడుతుంది. అందుకే ఐదుగురు కొత్తవాళ్లని తెచ్చిన జట్టు వాళ్లని ఆగస్టులో అటూ ఇటూ మార్చకుండా, ఎవరి పక్కన ఎవరో తేల్చేసి వందల స్నాప్‌లు ఆడించాలి. లైన్ కోచ్ ఆండీ హెక్‌కి ఆ వేసవిలో ఉన్న అసలు పని అది.

లెక్క ప్రకారం అన్నీ జరగలేదు. రిటైర్‌మెంట్ నుంచి వెనక్కి వచ్చిన గార్డ్ కైల్ లాంగ్ జూన్ ప్రాక్టీసులోనే కాలు దెబ్బతీసుకుని ఆ సీజన్ ఆడలేదు. తిరిగొచ్చిన దువెర్నే-టార్డిఫ్‌కి చేయి విరిగింది. రైట్ గార్డ్ చోటు అలా ట్రే స్మిత్‌కి వచ్చింది, ఇక వదల్లేదు. ఒక్క చోటుకి ముగ్గుర్ని తెచ్చుకుంటే ఒకడు మిగులుతాడని లెక్క వేసుకోవాల్సింది ఇందుకే. సెప్టెంబర్‌లో క్లీవ్‌లాండ్ మీద మొదటి మ్యాచ్: బ్రౌన్, థూనీ, హంఫ్రీ, స్మిత్, కుడి చివర లూకస్ నియాంగ్. ఐదుగురూ కొత్తవాళ్లే. హంఫ్రీ, స్మిత్ ఆ మొదటి ఏడాదే 17కి 17 మ్యాచ్‌లూ మొదలుపెట్టారు.

[తెర మీద: ఫిలడెల్ఫియా 2022 సీజన్ సాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం): 70. సూపర్ బౌల్ 57లో: 0.]

2023 ఫిబ్రవరి 12. సీజన్‌లో 70 సాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా మహోమ్స్‌ని ఒక్కసారి కూడా పడేయలేదు. 38-35తో చీఫ్స్ గెలిచింది. ఆ రోజు పచ్చిక జారుడుగా ఉండటం పరిగెత్తుకొచ్చేవాళ్లకి ఇబ్బందే, అది లెక్కలో వేసుకోవాలి. కుడి చివర ఆడింది టాంపాలో నలిగిపోయిన అదే ఆండ్రూ వైలీ. ఈసారి పక్కన స్మిత్ ఉన్నాడు, టైట్ ఎండ్ (లైన్ చివర పక్కన నిలబడేవాడు), రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) దారిలో ఓ దెబ్బ వేసి సాయం చేశారు, బంతి త్వరగా చేయి వదిలింది. మధ్యలో ముగ్గురు గట్టిగా ఉంటే చివరివాడికి సాయం పంపే వెసులుబాటు దొరుకుతుంది.

అప్పు తీర్చే రోజు ఆ మార్చిలోనే వచ్చింది. దీర్ఘకాల ఒప్పందం కుదరక 2022 అంతా ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆటగాణ్ణి వేరే జట్టుకి పోనివ్వకుండా ఒక్క ఏడాదికి ఆపుకునే హక్కు) మీద ఆడిన బ్రౌన్ సిన్సినాటికి వెళ్లిపోయాడు. వైలీ వాషింగ్టన్‌కి. ఒకే నెలలో రెండు చివర్లూ ఖాళీ. అసలు పొరపాటు ఇక్కడుందంటాను: పక్కపక్క కాంట్రాక్టులు ఒకే ఏడాది ముగియనివ్వకూడదు, ముగిసే చోటుకి కుర్రాణ్ణి ఏడాది ముందే తెచ్చి వెనక కూర్చోబెట్టాలి. జవాన్ టేలర్‌ని నాలుగేళ్లకి 8 కోట్ల డాలర్లకి తెచ్చి కుడి చివర నిలబెట్టారు, ఎడమన డోనోవన్ స్మిత్‌తో ఏడాది గడిపారు.

2024లో రెండో రౌండ్ కుర్రాడు కింగ్స్‌లీ సువామటయ్యాని మొదటి వారం నుంచే లెఫ్ట్ టాకిల్‌లో దింపారు. రెండో వారం సిన్సినాటి మీద ఆట మధ్యలోనే తీసేశారు. తర్వాత వాన్యా మోరిస్, ఆ తర్వాత డి.జె. హంఫ్రీస్, అతనికీ తొడ కండరం పట్టేసింది. చివరికి థూనీయే గార్డ్ వదిలి టాకిల్‌కి జరిగాడు. 2021లో కొన్న బీమా అప్పుడు పనికొచ్చింది, కానీ ఒక చోటు పూడ్చితే గార్డ్ దగ్గర ఇంకోటి తెరుచుకుంది. 2025 ఫిబ్రవరి 9న సూపర్ బౌల్ 59లో ఫిలడెల్ఫియా ఒక్క బ్లిట్జ్ కూడా చేయకుండా మహోమ్స్‌ని ఆరుసార్లు పడేసింది. 40-22. నాలుగేళ్ల కిందటి టాంపా రాత్రే మళ్లీ.

[తెర మీద: మళ్లీ ఐదు గుండ్రాలు. ఎడమ చివరిది ఖాళీగా మెరుస్తుంది.]

ఆ వసంతంలో వీచ్ మళ్లీ అదే పనిముట్లు తీశాడు. ట్రే స్మిత్‌కి ట్యాగ్ వేసి, జూలైలో నాలుగేళ్లకి 9.4 కోట్ల డాలర్లు రాశాడు. థూనీని 2026 నాలుగో రౌండ్ పిక్ తీసుకుని చికాగోకి ఇచ్చేశాడు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి జేలన్ మూర్‌ని రెండేళ్లకి 3 కోట్ల డాలర్లకి తెచ్చాడు. డ్రాఫ్ట్‌లో ఒక్క మెట్టు దిగి, 32వ పిక్‌తో ఒహాయో స్టేట్ లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్‌ని తీసుకున్నాడు. అంత ప్రతిభ ఉన్న టాకిల్ అక్కడిదాకా మిగలడానికి కారణం ఒక డాక్టర్ రిపోర్టు: 2024 అక్టోబర్‌లో ఆరెగాన్ మీద ఆడుతూ మోకాలి చిప్ప కింది స్నాయువు (టెండన్) తెగింది. ట్రే స్మిత్ ఫైలుని ఆరో రౌండ్ ధరకి చదివిన జట్టు, ఈసారి అలాంటి ఫైలు మీద మొదటి రౌండ్ పిక్ పెట్టింది. వెనక మూర్‌ని ముందే కొని ఉంచింది.