కాబు వంతెన దగ్గర హువాన్ పహోటా

అధ్యక్షులకు, సభకు నమస్కారం. ఫిలిప్పీన్స్ గెరిల్లా వీరుల గురించి మాట్లాడమన్నారు. నేను కెప్టెన్ హువాన్ పహోటా ఒక్కరి గురించే చెబుతాను. ఆయనకు దక్కవలసిన పేరు దక్కలేదన్న బాధ నన్ను వదలడం లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, ఫిలిప్పీన్స్‌లోని బతాన్‌లో అమెరికన్, ఫిలిప్పీన్ సేనలు జపానుకు లొంగిపోయాక కూడా పహోటా ఆయుధం దించలేదు. లుజోన్ ద్వీపంలోని నూయెవా ఎసిహా పల్లెల్లో దళం నడిపారు. అక్కడే జపాన్ సైన్యం నడిపిన కబనతువాన్ యుద్ధఖైదీల శిబిరం. 1944 డిసెంబరులో పలవాన్ అనే మరో ద్వీపంలో జపాన్ సైనికులు 139 మంది ఖైదీలను చంపేశారు. ఇక్కడా అదే జరుగుతుందన్న భయంతో, మరుసటి నెలలో అమెరికా సైన్యంలోని మెరుపుదాడి దళమైన రేంజర్లు ఖైదీలను విడిపించడానికి రహస్యంగా వచ్చారు. వాళ్ల నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ముక్కి 29వ తేదీ రాత్రే దాడి చేయాలన్నారు. పహోటా వద్దన్నారు. శిబిరం పక్క దారిలో జపాన్ దళాలు కదులుతున్నాయి, ఒక్క రోజు ఆగమన్నారు. ఆగారు. ఆ మాట వినకపోతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఇక్కడ ఊళ్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. రేంజర్లు వస్తుంటే చప్పుడు కాకూడదని గెరిల్లాలు చెబితే, జనం కుక్కల మూతులు కట్టారు, కోళ్లను గూళ్లలో వేసి మూశారు. నడవలేని ఖైదీల కోసం దున్నపోతుల బండ్లు తోలుకొచ్చారు. జపాన్ సైన్యానికి తెలిస్తే ఊరు ఊరంతా తగలబడేది. ఆ బండ్లు తోలిన రైతుల పేర్లు మనలో ఎవరికైనా తెలుసా?

జనవరి 30 రాత్రి రేంజర్లు శిబిరంలో చొరబడుతుంటే, పహోటా మనుషులు కాబు వంతెన దగ్గర కాపు కాశారు. ఏటి అవతల పెద్ద జపాన్ దళం ఉంది. గెరిల్లాలు పెట్టిన బాంబు వంతెనను కూల్చలేదు కానీ, ట్యాంకులు దాటలేనంత గొయ్యి చేసింది. జపాన్ సైనికులు గుంపులు గుంపులుగా వంతెన మీదికి వచ్చారు, వచ్చినవాళ్లు వచ్చినట్టే పడిపోయారు. కొన్ని గంటల ముందే బజూకా (భుజం మీద పెట్టి ట్యాంకులను కొట్టే ఆయుధం) పేల్చడం నేర్చుకున్న ఒక గెరిల్లా చెట్ల చాటున ఉన్న ట్యాంకులను కొట్టాడు. అవతలి దళం ఇవతలికి రాలేకపోయింది. 500 మందికి పైగా ఖైదీలు బయటపడ్డారు.

కీర్తి మాత్రం ఎక్కువగా రేంజర్లకే వెళ్లింది. వాళ్ల సాహసాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ వంతెన దగ్గర శత్రువును ఆపింది ఎవరు? 1946లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, తమ జెండా కింద పోరాడిన ఫిలిప్పీన్ సైనికుల్లో అత్యధికులకు మాజీ సైనికుల సదుపాయాలు లేకుండా చేసింది. ఒకేసారి ఇచ్చే పరిహారం 2009లో, కాంగ్రెస్ స్వర్ణ పతకం 2017లో వచ్చాయి. అప్పటికి ఎందరు బతికి ఉంటారు? ఇక్కడున్న చరిత్ర ఉపాధ్యాయులను అడుగుతున్నాను: కబనతువాన్ పాఠం చెప్పేటప్పుడు ముక్కి పేరుతో పాటు పహోటా పేరు కూడా నల్లబల్ల మీద రాయండి.