పుట్టి, దోనె, తెప్ప, పంటు: నీళ్ళని బట్టి పడవ పేరు

అక్క: అందరికీ నమస్తే అండీ. ఈ ఎపిసోడ్ అంతా పడవలే. మొన్న తమ్ముడు ఫోన్ చేసి, అక్కా మా పాప నీళ్ళ మీద ఏది కనపడినా బోట్ అంటోంది, తెలుగులో ఏమనాలో చెప్పు అన్నాడు. ఏ నీళ్ళ మీదరా అన్నాను. అక్కడ మొదలై గంటన్నర మాట్లాడుకున్నాం, సరే ఇదేదో మైకు ముందే మాట్లాడదాం అని కూర్చున్నాం.

తమ్ముడు: నాకైతే పడవ అంటే చాలనుకున్నానండీ. అక్కేమో ముందు నీళ్ళు ఎక్కడివో చెప్పు, అప్పుడు పేరు చెప్తా అంది.

అక్క: మరి అంతే కదరా. కృష్ణ, తుంగభద్ర తీసుకో, అక్కడ అడుగంతా రాళ్ళు, అక్కడ తిరిగేది పుట్టి. అరిగోలు అని కూడా అంటారు. వెదురు బద్దలతో గుండ్రంగా బుట్టలా అల్లి, పూర్వం పైన తోలు కప్పేవాళ్ళు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. దానికి ముందూ వెనకా ఉండదు, రాయి తగిలితే గిర్రున తిరిగి పక్కకి జరిగిపోతుంది. ఒడ్డుకి రాగానే బోర్లించి నెత్తిన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు కూడా.

తమ్ముడు: కొల్లేరులో ఉండేది అది కాదు కదా?

అక్క: కాదు, కొల్లేరులో దోనె. తాటి మొద్దుని నిలువునా చీల్చి లోపల తొలిచేస్తారు, మోకాలి లోతు నీళ్ళున్నా నాచు మీద నుంచి జారుకుంటూ వెళ్ళిపోతుంది. అదే దోనెని సముద్రంలోకి తీసుకెళ్తే మొదటి అలకే బోల్తా కొడుతుంది. సముద్రానికి తెప్ప. అది నాలుగైదు దుంగలు తాళ్ళతో కట్టిందే, అల పైకొచ్చినా నీళ్ళు సందుల్లోంచి కిందకి పోతాయి, ఇక మునగడానికి ఏముంది. వేట అయ్యాక తాళ్ళు విప్పేసి దుంగల్ని ఎండబెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు విశాఖ వైపు ఎక్కువగా ఫైబర్ బోట్లే కనపడుతున్నాయనుకో.

తమ్ముడు: ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అనే మాట ఇందుకేనన్నమాట, దుంగలు ఎటూ కట్టెలే కదా. ఇంకోటి కూడా ఉంది, ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య.

అక్క: నాన్నమ్మ ఎంత బాగా అనేదో ఆ మాట. నాకు బాగా గుర్తున్నది మాత్రం గోదాట్లో నాటు పడవ. చిన్నప్పుడు ఏటి మధ్య లంకలోకి వెళ్ళాలంటే అదే దిక్కు. పడవ మనిషి గెడ పట్టుకుని ముందు కొసన నించునేవాడు, వెదురు గెడని నీళ్ళల్లోకి దింపి, అడుగు ఇసకలో అది దిగిందని చేతికి తెలిశాక పై కొసని భుజానికి ఆనించి పడవ అంచు మీద వెనక్కి నడుచుకుంటూ వెళ్ళేవాడు, అంటే మనిషి వెనక్కి నడుస్తుంటే పడవ ముందుకి పోతోందన్నమాట. వెనక చివరికి వెళ్ళాక గెడ పీకి, నీళ్ళు ఓడుతుంటే అలాగే ఎత్తి పట్టుకుని మళ్ళీ ముందుకి వచ్చేవాడు. ఆ భుజం మీద గెడ ఆనేచోట చర్మం నల్లగా, కాయ కాసి ఉండేది. నడి గోదాట్లో గెడకి అడుగు అందకపోతే "అందట్లేదు" అని ఒక్క మాట అని తెడ్డు తీసేవాడు, ఆ మాట వినగానే పడవలో అందరూ మాటలు ఆపేసేవాళ్ళు.

తమ్ముడు: నేను పుట్టేసరికి పంటు, అదే బళ్ళని కూడా ఎక్కించుకునే పెద్ద బల్లకట్టు, వచ్చేసింది కదా. సఖినేటిపల్లి నుంచి నరసాపురం, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, నాకు గోదారి దాటడమంటే పంటే. బైకులు, ఆటోలు, కార్లు, కొబ్బరి బస్తాలు, పెళ్ళివాళ్ళు, అందరూ ఒకే బల్ల మీద.

అక్క: దాన్ని నడిపేవాడు సరంగు. సరంగు, లంగరు రెండూ పారసీ నుంచి వచ్చిన మాటలే, లాంచీయేమో తెల్లవాళ్ళతో వచ్చింది. మా పడవ మనిషిని మాత్రం ఎవరూ సరంగు అనేవాళ్ళు కాదు.

తమ్ముడు: కాలవల్లో కూడా పడవలు తిరిగేవి అంటారు, నిజమేనా?

అక్క: నిజమేంట్రా, తవ్వించిందే రెండు పనులకీ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాటన్ దొర కాలవల్ని పొలాలకే కాదు రవాణాకి కూడా అనుకునే వేయించాడు. కాకినాడ నుంచి ఏలూరు కాలవ, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవ మీదుగా మద్రాసు దాకా నీళ్ళ మీదే వెళ్ళేవాళ్ళు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవాళ్ళు. కాలవ మట్టం మారేచోట లాకులు. పడవని రెండు తలుపుల మధ్యకి తెచ్చి నీళ్ళు నింపో, వదిలో, అవతలి మట్టానికి తెచ్చేవాళ్ళు. పడవలు పోయాయి గానీ బస్సులో ఇప్పటికీ "లాకుల దగ్గర దిగాలి" అంటాం.

తమ్ముడు: ఓడలరేవు, తాళ్ళరేవు అనే ఊళ్ళ పేర్లు కూడా అంతే కదా.

అక్క: తాళ్ళరేవు పక్కనే కోరంగి. 1839 తుఫాను ఉప్పెనలో దెబ్బతిన్న రేవు అది. అయినా మనవాళ్ళు ఆ తీరం నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్తూనే ఉన్నారు. ఇక్కడ మనం ఆ ఊరిని రంగం అన్నాం, అక్కడ వాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అన్నారు. ఇంకా వెనక్కి వెళ్తే మోటుపల్లి రేవు శాసనం, 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించింది. తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అదివరకు రాజులు సరుకంతా లాగేసుకునేవాళ్ళు, ఈయన సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాయి మీద చెక్కించాడు. అది చదివినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుందిరా, ప్రాణం మీదకి తెచ్చుకుని వచ్చినవాళ్ళకి ఇచ్చిన మాట కదా అది.

తమ్ముడు: పరీక్ష పాసైతే గట్టెక్కాడు అంటాం, అప్పులు తీరితే ఒడ్డున పడ్డాం అంటాం. అవీ పడవ మాటలేనా అక్కా?

అక్క: నీళ్ళలోంచి వచ్చినవాడి మాటలు. గెడకి అడుగు అందని చోటు దాటాకే గట్టు అంటే ఏంటో తెలుస్తుంది.

తమ్ముడు: ఆదివారం పాపని నరసాపురం తీసుకెళ్తున్నా, పంటు ఎక్కిద్దామని.

అక్క: ముందు వైపు నించోపెట్టు, చెయ్యి మాత్రం వదలకు. ఇనప పలక రేవు మీదకి దించేటప్పుడు చప్పుడు వస్తుంది చూడు, అది వినాలి. తిరిగొచ్చేటప్పుడు గాలి లేస్తే దుప్పటి కప్పు.