ఎవరికి జవాబు చెప్పుకోవాలి?

అందరికీ నమస్కారం.

దేవుణ్ణి నమ్మనివాడు నీతిగా బతకగలడా అని అడిగేవాళ్ల మనసులో సాధారణంగా ఒక భయం ఉంటుంది. పైన చూసేవాడు లేడనుకునే మనిషి మాటను నమ్మడం ఎలా? ఇది న్యాయమైన భయమే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే నాస్తికుల వాదం నాకు నచ్చదు.

ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ అంతటివాడిని కూడా ఈ భయం వదల్లేదు. మనుషుల మతవిశ్వాసాల్లో రాజ్యం తలదూర్చకూడదని గట్టిగా వాదించినవాడాయన. అయినా మతసహనం గురించి ఆయన రాసి, 1689లో అచ్చయిన లేఖలోనే నాస్తికుల దగ్గరికొచ్చేసరికి మాత్రం సహనం కుదరదన్నాడు. మాటలూ ఒప్పందాలూ ప్రమాణాలూ వాళ్లను కట్టి ఉంచలేవని ఆయన వాదన.

ఆ వాదన దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత చార్లెస్ బ్రాడ్లా మెడకు చుట్టుకుంది. 1880లో ఆయన నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అందరికీ తెలిసిన నాస్తికుడు కాబట్టి దేవుడి పేరెత్తకుండా మాట ఇస్తానన్నాడు. సభ ఒప్పుకోలేదు. పోనీ, మీ ప్రమాణమే చేస్తాను, దానికి కట్టుబడే ఉంటాను అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. పార్లమెంటు గడియార గోపురంలో ఒక రాత్రి నిర్బంధించారు కూడా. ఓటర్లు మాత్రం ఆయన్నే మళ్లీ మళ్లీ గెలిపించారు. చివరికి 1886లో గానీ ఆయన్ని ప్రమాణం చేసి సభ్యుడిగా స్థిరంగా కూర్చోనివ్వలేదు. దేవుడి ప్రసక్తి లేకుండా మాట ఇచ్చే హక్కు 1888లో చట్టమైంది. ఆయన అబద్ధాలకోరే అయితే మొదటిరోజే నోరు మూసుకుని ప్రమాణం చేసి, హాయిగా కూర్చునేవాడు కదా! నిజం చెప్పినందుకే ఆయన్ని అనుమానించారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ప్లేటో రాసిన యూథిఫ్రో సంభాషణలో సోక్రటీసు అడిగిన ప్రశ్న ప్రసిద్ధమే: మంచిది కాబట్టి దేవతలకు ఇష్టమా, దేవతలకు ఇష్టం కాబట్టి మంచిదా? మొదటిదే నిజమైతే మంచికి దేవుడి ఆమోదంతో పని లేదు. రెండోదే నిజమైతే క్రౌర్యాన్ని ఆజ్ఞాపించినా అది మంచే అవ్వాలి. భక్తులెవరూ దానికి ఒప్పుకోరు. మా దేవుడు అలా ఆజ్ఞాపించడంటారు. అలా అనగలుగుతున్నారంటే, క్రౌర్యం చెడ్డదని వాళ్లకు ముందే తెలుసన్నమాట.

ఈ ప్రశ్న వెనకున్న ఉదంతాన్ని మాత్రం జనం అంతగా పట్టించుకోరు. ఒక కూలివాడు తాగిన కోపంలో ఒక బానిసను చంపాడు. ఆ సంభాషణలో సోక్రటీసుతో మాట్లాడే యూథిఫ్రో తండ్రి ఆ కూలివాడి కాళ్లూ చేతులూ కట్టించి గోతిలో పడేయించాడు. ఏం చేయాలో ధర్మం తెలిసిన పెద్దల్ని అడిగి రమ్మని ఏథెన్సుకు మనిషిని పంపాడు. ఆ కబురు వచ్చేలోపే ఆకలికీ చలికీ కూలివాడు ప్రాణం వదిలాడు. ధర్మం ఏమిటో కనుక్కోవడానికి మనిషిని పంపినవాడికి, గోతిలో ఉన్నవాడికి ఇంత తిండి పెట్టాలని తోచలేదు! హంతకుడేగా, చస్తే చచ్చాడని ఊరుకున్నాడు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడానికి ఏ శాస్త్రం అనుమతి కావాలి?

నా దృష్టిలో నీతి అంటే మన చేతల వల్ల బాధపడినవాడికి జవాబు చెప్పుకోవడం. మతాల్లోని గొప్పవాళ్లకూ ఇది తెలుసు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా ఏమంటుందో చూడండి: తోటిమనిషికి చేసిన తప్పును, అతణ్ణి శాంతింపజేసేదాకా, ప్రాయశ్చిత్త దినం కూడా కడగలేదు. అక్కడ దేవుడున్నాడు. అయినా ముందు వెళ్లాల్సింది మనిషి దగ్గరికే.

దైవభయం ఎంతోమందిని తప్పుడు పనుల నుంచి ఆపిందనడంలో నాకు సందేహం లేదు. నమ్మకం వదిలేసినంత మాత్రాన ఎవరూ మంచివాళ్లైపోరు. అందులో దాచిపెట్టడానికి ఏమీ లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. అన్యాయానికి గురై, న్యాయం జరగకుండానే చనిపోయినవాళ్ల మాటేమిటి? మన కర్తవ్యమేమిటో తెలుసుకోవడానికి దేవుడి అవసరం లేదని జర్మన్ తత్వవేత్త కాంట్ స్పష్టంగానే చెప్పాడు. అయినా మంచితనానికి తగిన సుఖం ఎప్పటికైనా దక్కుతుందని ఆశపడాలంటే దేవుడున్నాడని అనుకోక తప్పదన్నాడు. ఆ ఆశను నేను మీకు ఇవ్వలేను. పరలోకంలో తీరుతుందన్న బాకీ నా లెక్కలో లేదు. అందుకే బతికున్నవాడికి న్యాయం ఆలస్యమవుతుంటే నాకు అంత తొందర, అంత కోపం.

ఇక మీ ప్రశ్నలు అడగండి. నాతో విభేదించేవాళ్లే ముందు అడగాలని నా కోరిక.